గప్పీలు మాయం, ఆస్కార్ మూలన

ప్రశ్న: మా అబ్బాయి ఏడో తరగతి. 8 నెలల క్రితం వాడు పట్టుబట్టడంతో రెండడుగుల గాజు తొట్టి కొన్నాం. అందులోకి ఆరు చిన్న గప్పీ చేపలు తెచ్చాం. నల్లటి ఒంటి మీద నారింజ చారలతో ముద్దుగా ఉందని రెండంగుళాల ఆస్కార్ చేప కూడా ఒకటి తెచ్చాం. రెండు నెలలు తిరక్కుండానే గప్పీలన్నీ ఒక్కొక్కటిగా మాయమయ్యాయి. ఆస్కార్ ఇప్పుడు జానెడయింది. అది వేటాడే చేపని తెలిశాక మావాడు ప్రతి ఆదివారం బతికున్న చిన్న గోల్డ్‌ఫిష్‌లు నాలుగైదు తెచ్చి వేస్తున్నాడు. వాడి స్నేహితులంతా చుట్టూ చేరి చూస్తారు. నీళ్లు ఊరికే మసకబారుతున్నాయని నేను 15 రోజులకోసారి మొత్తం తోడేసి, రాళ్లూ ఫిల్టర్ స్పాంజీ కుళాయి కింద రుద్ది కడుగుతున్నాను. అయినా 3 వారాలుగా చేప మూలన పక్కకు ఒరిగి పడుకుంటోంది. సరిగా తినడం లేదు. తల మీద సూదితో గుచ్చినట్టు గుంటలు కనిపిస్తున్నాయి. తోడు లేక దిగులు పెట్టుకుందని, ఇంకో ఆస్కార్ తెద్దామని మావాడంటాడు. చెరువులో వదిలేద్దామని మావారంటారు. ఏం చేయమంటారు?

సమాధానం: అమ్మా, ముందు ఈ రోజు చేయాల్సిన పని చెప్తాను. మిగతా కబుర్లు తర్వాత.

గోల్డ్‌ఫిష్‌లు ఆపేయండి. రెండు రోజులు అసలు తిండే వేయకండి. జానెడు ఆస్కార్‌కి రెండు రోజుల పస్తు ఒక లెక్క కాదు. తొట్టిలో నీళ్లు నాలుగో వంతు తీసి, క్లోరిన్ విరిచే చుక్కలు కలిపిన కొత్త నీళ్లు పోయండి. చెయ్యి పెట్టి చూస్తే రెండు నీళ్ల వెచ్చదనం ఒకేలా ఉండాలి. రేపూ అంతే, ఎల్లుండీ అంతే, ఓ వారం పాటు. ఫిల్టర్‌ని మాత్రం ముట్టుకోకండి. అది రాత్రీ పగలూ ఆడుతూనే ఉండాలి. అమోనియా, నైట్రైట్, నైట్రేట్ కొలిచే టెస్ట్ కిట్ ఒకటి తెప్పించండి. నీళ్లలో చుక్కలు వేసి రంగు చూసుకునే రకం అయితే మేలు.

ఒకేసారి మొత్తం నీళ్లు మార్చేస్తే సరిపోతుంది కదా అని మీకు అనిపించవచ్చు. నిజానికి ఇన్నాళ్లూ చేప కష్టమంతా అక్కడే ఉంది. మీరు ఓపికగా చేస్తున్న ఆ 15 రోజుల శుభ్రమే దాన్ని సగం మూలన పడేసింది. మనసు కష్టపెట్టుకోకండి. మొదటి తొట్టి కొన్న ఇళ్లలో ఈ పొరపాటు చేయనివాళ్లు తక్కువ. నేనూ చేసినవాణ్ణే.

చేప ఒంట్లోంచి వచ్చే అమోనియాలో ఎక్కువ భాగం మొప్పల గుండానే నీళ్లలోకి పోతుంది. మిగిలిన తిండి, రెట్ట కుళ్లినా అదే పుడుతుంది. నది అయితే కొట్టుకుపోతుంది. తొట్టిలో ఎక్కడికి పోతుంది? అక్కడే ఉండి మొప్పల్ని కాలుస్తుంది. దాన్ని తినేవి కంటికి కనబడని బ్యాక్టీరియా. కొన్ని అమోనియాని నైట్రైట్‌గా మారుస్తాయి, కొన్ని నైట్రైట్‌ని నైట్రేట్‌గా మారుస్తాయి. నైట్రైట్ కూడా విషమే. అది నెత్తురులోకి చేరితే నెత్తురు ఆక్సిజన్ మోయలేదు. చేప నీళ్లలో ఉండి కూడా ఊపిరాడక కొట్టుకుంటుంది. చివరి నైట్రేట్ మాత్రం కొంతవరకు ఓర్చుకోదగ్గదే. వారం వారం నీళ్లు మార్చి దాన్ని తగ్గించుకుంటే చాలు.

ఈ బ్యాక్టీరియా నీళ్లలో తేలుతూ తిరగడం తక్కువ. స్పాంజ్ రంధ్రాల్లో, రాళ్ల మీద జిగటగా అంటుకుని ఉంటాయి. మీరు మురికి అనుకుని రుద్ది కడిగేస్తున్నది చాలావరకు వాటినే. కుళాయి నీళ్లలోని క్లోరిన్ మిగతా వాటిని చంపేస్తుంది. కొత్త తొట్టిలో ఆ కాపురం కుదురుకోవడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది. మీరు ప్రతి 15 రోజులకీ దాన్ని మళ్లీ మొదటికి తెస్తున్నారు. అందుకే కడిగిన రెండు మూడు రోజులకే నీళ్లు పాలు కలిపినట్టు తెల్లబడి ఉంటాయి. గుర్తు చేసుకోండి. దాన్ని చూసి మళ్లీ కడగాలనిపిస్తుంది. ఆ మసక చాలాసార్లు కడగడం వల్ల వచ్చిందే.

చాలా ఏళ్ల క్రితం నా మొదటి ఆస్కార్ తొట్టికి నేనూ ఓ ఆదివారం స్పాంజ్ తీసి, కుళాయి కింద కొత్తదానిలా తెల్లగా వచ్చేదాకా పిండాను. నా పనితనానికి నేనే మురిసిపోయాను. మంగళవారానికి చేప ఒళ్లు బొగ్గులా నల్లబడింది. నీళ్ల పైకి మూతి పెట్టి, మొప్పలు ఆగకుండా కొట్టుకుంటూ వేలాడింది. రోజూ కొంచెం కొంచెం నీళ్లు మారుస్తూ 9 రోజులు దాని పక్కనే కూర్చున్నాను. బతికింది. అప్పటి నుంచి నా ఇంట్లో స్పాంజ్‌ని తొట్టిలోంచి తీసిన నీళ్ల బకెట్‌లోనే రెండుసార్లు నొక్కి, మళ్లీ పెట్టేస్తాను. గోధుమరంగు పోదు. పోకూడదు కూడా.

నాలుగో వంతు మాత్రమే మార్చమనడానికి ఇంకో కారణం ఉంది. నీళ్ల పీహెచ్ (ఆమ్లమో క్షారమో చెప్పే కొలత, తక్కువైతే ఆమ్లం), వేడి పెరిగే కొద్దీ అమోనియా విషం కూడా పెరుగుతుంది. పాత తొట్టి నీళ్లు సాధారణంగా కాస్త ఆమ్లంగా మారి ఉంటాయి. అందులో అమోనియా చాలావరకు పెద్దగా హాని చేయని రూపంలో ఉంటుంది. పీహెచ్ ఎక్కువున్న కొత్త నీళ్లు సగానికి పైగా ఒక్కసారి పోశారనుకోండి, మిగిలిన అమోనియాలో ఎక్కువ పాలు వెంటనే విషపు రూపంలోకి మారిపోతుంది. బాగు చేద్దామని పోసిన నీళ్లే చంపుతాయి. అందుకే కొంచెం కొంచెం, రోజూ.

ఇక గప్పీల సంగతి. అది హత్య కాదు, భోజనం. ఆస్కార్ కోరలతో చీల్చి తినే చేప కాదు. దాని వేట చూడాలంటే తొట్టి దగ్గర ముక్కు ఆనించి కూర్చోవాలి. ముందు కన్ను ఒక్కటే తిరుగుతుంది, ఒళ్లు కదలదు. తర్వాత రెక్కలు నెమ్మదిగా ఆడిస్తూ బాగా దగ్గరదాకా వచ్చి ఆగుతుంది. ఆ ఆగడంలో ఏమీ జరగదేమో అనిపిస్తుంది. అంతలో నోరు గొట్టంలా తెరుచుకుంటుంది, మొప్పల తలుపులు రెండూ బయటికి విచ్చుకుంటాయి, ఎదురుగా ఉన్న నీళ్లన్నీ లోపలికి పోతాయి. ఆ నీళ్లలో గప్పీ కూడా ఉంటుంది. రెప్పపాటు కూడా పట్టదు. నమిలే పళ్లు గొంతులో ఉంటాయి. అక్కడ నలుగుతుంటే మొప్పల సందుల్లోంచి సన్నటి పొడి పొగలా రాలుతుంది. నోట్లో పట్టేది ఏదైనా దానికి తిండే. రెండంగుళాలప్పుడు గప్పీ పట్టలేదు, మూడంగుళాలయ్యాక పట్టింది. స్నేహం చెడిందనేమీ లేదు.

ఆ మొప్పల్లోంచి రాలిన పొడి దగ్గరే ఆగుదాం. వేటచేపను పెంచడంలో అసలు చిక్కు అదే. ఇది తినేది తిన్నంత తిని, తిన్నదాంట్లో కొంత నీళ్లలోకే వదులుతుంది. పైగా మాంసకృత్తులు ఎక్కువున్న తిండి తినేవాటి అమోనియా కూడా ఎక్కువే. దానికి తోడు ఒక చిన్న లెక్క చూడండి. మీ చేప రెండంగుళాల నుంచి ఎనిమిదంగుళాలయింది. పొడవు నాలుగింతలు. పొడవుతో పాటు ఎత్తూ మందమూ కూడా అదే దామాషాలో పెరుగుతాయి కాబట్టి బరువు 4 ను మూడుసార్లు హెచ్చవేసినంత, అంటే దాదాపు 64 రెట్లు. తెచ్చిన రోజున ఆ తొట్టిలో ఒక ఆస్కార్ ఉంది. ఇవాళ, బరువు లెక్కన చూస్తే, అలాంటివి అరవైకి పైగా ఉన్నాయి. తొట్టి మాత్రం పెరగలేదు.

ఇంకా అయిపోలేదు. మొదటి ఏడాది ఆస్కార్ నెలకు ఇంచుమించు ఒక అంగుళం పెరుగుతుంది. అమెజాన్ నదీ ప్రాంతంలో పుట్టిన ఈ చేప తొట్టిలో 30 సెంటీమీటర్లకు చేరడం మామూలే, అంతకు మించేవీ ఉంటాయి. తొట్టి చిన్నదైతే చేప కూడా చిన్నగానే ఉండిపోతుందని చాలామంది చెప్తారు. నమ్మకండి. పాడైన నీళ్లలో ఎదుగుదల కుంగడం వేరు, ఆరోగ్యంగా చిన్నగా ఉండడం వేరు. మీ రెండడుగుల తొట్టి వెడల్పు ఒక అడుగు, అంటే 30 సెంటీమీటర్లు ఉంటుంది. చేప పొడవు అంతే అయ్యాక అది వెనక్కి తిరగాలంటే ఒళ్లు వంచుకోవాలి. అలా తిరుగుతూ బతకమనడం అన్యాయం.

కాబట్టి పెంచాలనుకుంటే ఒక్క ఆస్కార్‌కి నాలుగడుగుల తొట్టి, కనీసం 280 లీటర్లు. వెడల్పు అడుగున్నరకు తగ్గకూడదు, రెండడుగులైతే ఇంకా మంచిది. కొనేముందు ఒకటి గుర్తుపెట్టుకోండి. 280 లీటర్ల నీళ్లంటే 280 కిలోలు, దానిపైన గాజు, స్టాండు బరువు. మామూలు బల్ల మీద పెట్టే వస్తువు కాదు. ఫిల్టర్ గంటకు తొట్టి నీళ్లన్నిటినీ నాలుగైదు సార్లు తిప్పగలిగేది కావాలి. నీళ్లు 25 నుంచి 27 డిగ్రీలు ఉంటే దానికి హాయి. పైన బరువైన మూత పెట్టండి, ఎగిరి దూకుతుంది. హీటర్‌కి ప్లాస్టిక్ తొడుగు తప్పనిసరి. ఆస్కార్ తన గదిని తనే సర్దుకునే రకం. రాళ్లు తోస్తుంది, మొక్కలు పీకుతుంది, గాజు హీటర్ అడ్డమొస్తే దాన్నీ ఒక పోటు పొడుస్తుంది. అడుగున రాళ్లేమీ వేయకుండా వదిలేస్తే మీకే సుఖం. చెత్త ఎక్కడుందో కనబడుతుంది, పైపుతో పీల్చేయొచ్చు.

ఇక తిండి. అడవి మృగానికి మాంసం వేసినట్టు వేటచేపకు బతికున్న చేపే వేయాలన్న మాట ఎక్కడి నుంచి వచ్చిందో గానీ, ఆస్కార్‌కి అది వర్తించదు. నదిలో అది పురుగులు, రొయ్యజాతి ప్రాణులు, చిన్న చేపలు ఏది దొరికితే అది తింటుంది. గోల్డ్‌ఫిష్ మాత్రం వాటిలో లేదు. గోల్డ్‌ఫిష్ ఒంట్లో థయామినేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. అది విటమిన్ బీ1 ని విరగ్గొడుతుంది. అదే పనిగా తినిపిస్తే ఎంత తిన్నా చేపకు ఆ విటమిన్ అందదు. పైగా మేతకని అమ్మే చిన్న చేపల్ని కిక్కిరిసిన తొట్లలో ఉంచుతారు. వాటి మీదున్న తెల్ల మచ్చల జబ్బు, మొప్ప పురుగులు అన్నీ వారం వారం మీరు కొని తెచ్చి తొట్టిలో పోస్తున్నట్టే. ఆ ఆదివారం వేట చేప కోసం జరగడం లేదమ్మా, చుట్టూ చేరిన పిల్లల కోసం జరుగుతోంది. ఈ మాట మీ అబ్బాయిని తిట్టడానికి వాడకండి. మనం పిల్లలుగా ఉన్నా అదే చేసేవాళ్లం.

దానికి కావలసింది మాంసాహార చేపల కోసం చేసే నీళ్లలో తేలే పెల్లెట్లు. వాటితో పాటు వారానికోసారో రెండుసార్లో వానపాము. పురుగుమందు తగలని మట్టిలోది అయ్యుండాలి. మేక, గొడ్డు, కోడి మాంసం వద్దు. ఆ కొవ్వు చేపకు అరగదు. ఎదిగిన చేపకు రోజుకోసారి, రెండు నిమిషాల్లో ఖాళీ చేసేంత వేస్తే చాలు. వారంలో ఒక రోజు పస్తు. బతికున్న చేపలకు అలవాటుపడ్డ ఆస్కార్ మొదట పెల్లెట్‌ని నోట్లో పెట్టుకుని ఉమ్మేస్తుంది. మీ వైపు చూస్తుంది కూడా. జాలిపడకండి. మిగిలింది తీసేసి మర్నాడు మళ్లీ వేయండి. ఒంట్లో బాగున్న చేప నాలుగైదు రోజుల్లో దిగొస్తుంది. అయితే మీ చేప ఇప్పుడు నీరసంగా ఉంది కాబట్టి, ముందు నీళ్లు కుదుటపడి అది లేచి తిరగడం మొదలెట్టాకే ఈ పంతం పట్టండి.

మీ అబ్బాయికి చూడ్డానికి ఏదో ఒకటి కావాలి కదా. ఆస్కార్ మనిషిని గుర్తుపడుతుంది. రోజూ ఒకే వేళకు, ఒకే మనిషి వెళ్తే అద్దం దగ్గరకు వచ్చి ఒళ్లంతా ఊపుతుంది, వేలు ఎటు పోతే అటు తిరుగుతుంది. కొన్ని వారాలకు చేతిలోంచి పెల్లెట్ అందుకుంటుంది కూడా. కొరికితే గరుకు కాగితం తగిలినట్టు ఉంటుంది. పెద్ద ప్రమాదమేమీ లేదు గానీ, చేతి మీద పుండో గీతో ఉంటే నీళ్లలో పెట్టనివ్వకండి. తర్వాత సబ్బుతో కడుక్కోవాలి. స్నేహితుల ముందు గోల్డ్‌ఫిష్‌ల ఆట కన్నా ఇది గొప్ప ఆట. వాడు కాదనడని నా నమ్మకం.

తల మీది గుంటల గురించి. కంగారుపడే ముందు ఒకసారి దగ్గరగా చూడండి. ఆస్కార్ తల మీద పుట్టుకతోనే కొన్ని చిన్న రంధ్రాలుంటాయి. నీళ్లలో కదలికను పసిగట్టే రంధ్రాలవి. రెండు వైపులా ఒకే వరసలో, ఒకే సైజులో, అంచులు శుభ్రంగా ఉంటే అవే. అలా కాకుండా అంచులు తెల్లబడి, అడ్డదిడ్డంగా, రోజురోజుకీ వెడల్పవుతుంటే అది తలకు గుంటలు పడే జబ్బు. దీనికి కారణం ఒక్కటే అని తేల్చి చెప్పలేరు. పాడైన నీళ్లు, విటమిన్లు లేని తిండి, పేగుల్లో చేరే ఒక రకం సూక్ష్మజీవి, ఈ మూడింటి పేర్లూ వినబడతాయి. మీ ఇంట్లో మొదటి రెండూ ఉండనే ఉన్నాయి. తొలిదశలో అయితే నీళ్లు, తిండి బాగుపడగానే గుంటలు పూడడం మొదలవుతుంది. మచ్చలు మాత్రం మిగలొచ్చు. మూడు వారాలైనా లోతవుతూనే ఉన్నా, చేప చిక్కిపోయి తెల్లటి దారంలాంటి రెట్ట వేస్తున్నా మందు కావాలి. అది చేపల వైద్యం తెలిసిన పశువైద్యుణ్ణి అడిగి, ఆయన చెప్పిన మోతాదులోనే వాడండి. ఏ మందో తెలియకుండా రంగు నీళ్ల సీసా తెచ్చి తొట్టిలో వంచితే, మిగిలిన బ్యాక్టీరియా కూడా పోవచ్చు.

పక్కకు ఒరిగి పడుకోవడం ఒక్కటే అయితే నేనింత చెప్పేవాణ్ణి కాదు. ఆస్కార్ అలిగే చేప. చోటు మార్చినా, తొట్టిలో రాయి జరిపినా అలా పడుకుని మనల్ని హడలగొడుతుంది. తేడా తెలియాలంటే మొప్పలు చూడండి. నెమ్మదిగా, సమంగా ఆడుతుంటే అలక. గబగబా కొట్టుకుంటుంటే నీళ్లలో విషం.

తోడు వద్దు. ఒంటరిగా ఉన్నా ఆస్కార్‌కి ఏ లోటూ లేదు, ఆ బెంగ మనది. ఇంకో ఆస్కార్ తెస్తే అదే తొట్టిలో మురికి రెట్టింపు. రెండూ పడకపోతే ఓడినదానికి పారిపోయే చోటుండదు. పైగా ఏది ఆడదో ఏది మగదో పైకి చూసి చెప్పలేం.

చెరువు మాట మీవారిని మర్చిపోమనండి. అమెరికాలోని ఫ్లోరిడా నీళ్లలోకి 1950ల చివర్లో వదిలిన ఆస్కార్‌లు అక్కడి కాలువల్లో స్థిరపడి, పిల్లల్ని పెట్టి, ఇవాళ గాలాలతో పట్టేంతగా పెరిగిపోయాయి. అక్కడ పుట్టిన చేపలకి తిండిలోనూ గూళ్ల దగ్గరా పోటీ అయ్యాయి. మీదొక్కటే కదా అనుకున్నా, దాని ఒంటి మీదున్న జబ్బులు చెరువుకి కొత్త. అదృష్టం బాగాలేక ఆ నీళ్లు దానికి పడకపోతే రెండు రోజుల్లో చస్తుంది. రెండూ మంచివి కావు.

ఇక మిగిలింది ఒకటే ప్రశ్న, అది చేప గురించి కాదు. బాగా చూసుకుంటే ఆస్కార్ 10 నుంచి 15 ఏళ్లు బతుకుతుంది. మీవాడు ఏడో తరగతి. ఈ చేప ముసలిదయ్యేసరికి వాడు చదువులు ముగించి ఎక్కడో ఉద్యోగం చేస్తుంటాడు. వారం వారం నీళ్లలో మూడో వంతు, అంటే 90 లీటర్ల పైచిలుకు, బకెట్లతోనో పైపుతోనో మార్చేది మీరే. కాబట్టి నిర్ణయం మీది, వాడిది కాదు. ఓపిక లేదంటే సిగ్గుపడక్కర్లేదు. కొన్నచోటే తిరిగి తీసుకుంటారేమో అడగండి. పెద్ద తొట్టి ఉండి ఆస్కార్‌లు పెంచుతున్నవాళ్లెవరైనా తెలిస్తే వాళ్లకివ్వండి. ఇచ్చే ముందు దాని తల గుంటల సంగతి దాచకుండా చెప్పండి. రెండడుగుల తొట్టిలో గప్పీలు మళ్లీ హాయిగా తిరుగుతాయి.

ఉంచుకుంటామంటే, కొత్త తొట్టి పెట్టిన రోజున పాత ఫిల్టర్ స్పాంజ్‌ని కడగకుండా కొత్త ఫిల్టర్‌లో పెట్టండి, ఆ బ్యాక్టీరియా కాపురం దానితోనే వస్తుంది. చేపను వలతో ఎత్తకండి, రెక్కల ముళ్లు చిక్కుకుని చిరుగుతాయి. మూతున్న బకెట్‌ని నీళ్లలో ముంచి, చేపనే అందులోకి తోలండి. కొత్త తొట్టిలోకి వెళ్లాక రెండు మూడు రోజులు అది మూలన పడుకుని అలగడం ఖాయం. దీపం తీసేసి వదిలేయండి. నాలుగో రోజుకీ లేవకపోతే, అమోనియా ఎంత, నైట్రైట్ ఎంత, మొప్పలు ఎలా ఆడుతున్నాయి, ఈ మూడూ రాసి నాకు మళ్లీ ఉత్తరం వేయండి.